'నేను' అని రాస్తే చాలనుకున్నాను

కథలో 'నేను' అని మొదలుపెడితే చాలు, నిజం దానంతటదే వచ్చి చేరుతుందని చాలా ఏళ్లు నమ్మాను. ఉత్తమ పురుషలో రాసింది అనుభవం, ప్రథమ పురుషలో రాసింది కల్పన. అప్పటి నా సాహిత్య జ్ఞానం ఇంతే. ఆ నమ్మకంతోనే ఒక కథ రాశాను, అచ్చులో చూసుకున్నాను, మెప్పు కూడా పొందాను. ఆ కథ నేను పుట్టి పెరిగిన గల్లీకి నేను చేసిన అన్యాయం. నా తెలివితక్కువతనం ఎక్కడుందో తెలియడానికి చదువు రాని ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న, ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు కావలసివచ్చాయి. కొత్తగా కథలు రాసే పిల్లలకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మాది ముంబైలోని కామాటిపుర. నాగ్‌పాడాకు, గ్రాంట్ రోడ్డుకు మధ్య 14 గల్లీల పేట. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు నీరు ఆగిపోయాక, పల్లపు నేలలు మెల్లగా ఎండి ఊరు పెరిగింది. ఆ ఊరిని కట్టడానికి నిజాం ఇలాకా నుంచి రాళ్లు మోసే కూలీలు, మేస్త్రీలు వచ్చారు. వాళ్లు దిగిన చోటు ఇది. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మరిన్ని కుటుంబాలు వచ్చాయి. కొందరు మా గల్లీల్లో, కొందరు వర్లీ, నాయ్‌గావ్‌ల బీడీడీ చాళ్లనే వరసగదుల భవనాల్లో సర్దుకున్నారు. మగవాళ్లు మిల్లుకు పోతే ఆడవాళ్లు ఒంటిగది ఖోలీ ముందు వరండాలో చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవారు. ఆషాఢంలో బోనాలు, పెత్రమాస నుంచి బతుకమ్మ. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండేది.

కామాటిపుర అంటే లోకానికి గుర్తొచ్చేది ఇది కాదు. ఇంగ్లీషు దొరల కాలం నుంచీ ఇక్కడి కొన్ని గల్లీల్లో ఒళ్లమ్ముకొని బతికే ఆడవాళ్ల ఇళ్లున్నాయి. సఫేద్ గల్లీ అన్న పేరు ఐరోపా నుంచి తెచ్చిన ఆడవాళ్ల వల్ల వచ్చింది. మా చాళీకి, ఆ ఇళ్లకు మధ్య కొన్నిచోట్ల ఒక్క గోడే అడ్డం. చిన్నప్పుడు ఆ సంగతి మాకు వింతగా తోచలేదు. పెద్దయ్యాక సిగ్గుగా తోచింది. కాలేజీలో ఎవరైనా ఎక్కడుంటావని అడిగితే గ్రాంట్ రోడ్డు అనేవాణ్ణి. ఊళ్లో చుట్టాలకు బొంబాయి సెంట్రల్ దగ్గర అని చెప్పేవాళ్లం. అక్కల పెళ్లి మాటలప్పుడు గల్లీ పేరు ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. నా కథలోని తప్పు ఈ సిగ్గులోంచి పుట్టిందని చాలా కాలం నాకు తెలియలేదు.

1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైంది. మా నాన్న మళ్లీ సాంచా మగ్గం ముందు నిలబడలేదు. ఇల్లు అమ్మ బీడీల మీద నడిచింది. నేను పక్క ఖోలీ పెద్దమ్మ దగ్గర కూర్చొని తునికాకు కత్తిరించి ఇస్తూ చదువుకునేవాణ్ణి. ఆమె మాకు చుట్టం కాదు. మా చాళీలో పెద్దవాళ్లందరూ పెద్దమ్మలే, పెదనాన్నలే. నాకు కథల పిచ్చి పట్టింది ఆ రోజుల్లోనే. రాసే వయసు వచ్చేసరికి నా దగ్గర చాలా సామగ్రి ఉంది: మూతపడ్డ మిల్లు, నల్లా దగ్గర తగాదాలు, ఊళ్లో అమ్ముడుపోయిన పొలం, బీడీల చాట. వాటిలో ఒక్కటీ నా కంటికి కథగా కనబడలేదు. కామాటిపుర నుంచి వచ్చిన రచయిత రాయవలసిన కథ ఒకటే ఉందనుకున్నాను.

ఆ కథే రాశాను. తెలంగాణ పల్లె నుంచి మోసపోయి వచ్చి ఆ ఇళ్లలో ఒకదానికి చేరిన అమ్మాయి కథ. ఆమే 'నేను'. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఆమే చెబుతుంది. ఒక పత్రిక వేసుకుంది. గుండె కోసినట్టుందని, అనుభవించినవాళ్లు తప్ప ఇలా రాయలేరని ఉత్తరాలు వచ్చాయి. అనుభవించకుండానే అనుభవంగా ఒప్పించగలిగానని నేను గర్వపడ్డాను.

పెద్దమ్మకు చదువు రాదు. అచ్చయిన కథ చదివి వినిపించమంది. చదివాను. బీడీ చుడుతూనే మొత్తం విన్నది. చివరికి ఇలా అడిగింది:

"కొడుకా, గా పిల్ల ఖోలీలకెల్లి బయటికి సూస్తే ముందుగాల ఏం కనవడ్తది? మన నల్లా కనవడ్తది. మన వరండా కనవడ్తది. చాట పట్టుకొని కూసున్న నేను కనవడ్త. నీ కథల గామె ఒక్కపారన్న మా దిక్కు సూడలేదేంది?"

"అది కథ పెద్దమ్మా, అన్నీ రాయరు" అన్నాను.

"అన్నీ రాయమన్ననా? ఆమెకు కండ్లున్నయా లేవా అని అడుగుతున్న."

ఆ మాట అర్థం చేసుకోలేదు. చదువు రాని మనిషికి కథల సంగతి ఏం తెలుస్తుందని మనసులో కొట్టిపారేశాను. నా జీవితంలో చేసిన మూర్ఖపు పనుల్లో ఇది అన్నిటికన్నా పెద్దది. రాసిన కథ కన్నా, ఆ ప్రశ్నను పక్కన పెట్టడం నన్ను ఎక్కువ వెనక్కి లాగింది.

చాలా తర్వాత ఆ కథను మళ్లీ తీసి వాక్యం వాక్యం చూశాను. 'నేను' అంటున్న ఆ అమ్మాయి తన పెదవుల రంగును వర్ణించుకుంటుంది. కిటికీ చువ్వల వెనక తన ముఖం ఎలా ఉందో చెబుతుంది. తన గదికి వేలాడే పరదా బయటి నుంచి ఎలా ఊగుతుందో చెబుతుంది. ఇవేవీ గదిలో ఉన్న మనిషికి కనబడేవి కావు. ఫుట్‌పాత్ మీద నిలబడి తలెత్తి చూసే మగవాడికి కనబడేవి. మరి ఆమెకు తప్పకుండా తెలిసినవి కథలో లేవు. ఆమె ఎవరికి బాకీ ఉంది, ఆ బాకీ ఎందుకు తీరదు, పగలు ఎన్ని గంటలకు నిద్ర లేస్తుంది, జ్వరం వస్తే మందు ఎవరు తెస్తారు, ఊరికి డబ్బు పంపాలంటే మనియార్డరు ఫారం ఎవరితో రాయిస్తుంది? నాకు తెలియదు కాబట్టి ఆమెకూ తెలియకుండా చేశాను. నోరు ఆమెది, కళ్లు ఆ రోడ్డు మీది మగవాడివి. సర్వనామం మార్చి దృష్టికోణం మార్చాననుకున్నాను.

తప్పు తెలిసిందనుకొని ఇంకో తప్పు చేశాను. అదే కథను ప్రథమ పురుషలోకి తిరగరాశాను. ఈసారి కథకుడు సర్వజ్ఞుడు. అమ్మాయి మనసులోకి వెళ్లాడు, ఇంటి యజమానురాలి మనసులోకి వెళ్లాడు, పోలీసు మనసులోకి, వచ్చిపోయే మనిషి మనసులోకి కూడా వెళ్లాడు. అందరూ నా మాటలే మాట్లాడారు. అన్నీ తెలిసిన కథకుడికి నిజంగా అన్నీ తెలిసి ఉండాలి. నాకు ఒకే మనసు తెలుసు, దాన్ని నాలుగు పేర్లతో పంచాను. ఆ రాతప్రతిని ఎవరికీ పంపలేదు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. అంతకు ముందూ చదివాను కాని, కథలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి చదివాను. ఈసారి చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడో చూడటానికి చదివాను. 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' నాకు ఈ చూపు నేర్పిన పుస్తకాల్లో ఒకటి. కథను ఎవరు చెబుతున్నారన్నదీ, కథను ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదీ వేరువేరు ప్రశ్నలని తెలిశాక, చిన్నప్పటి నుంచి చదివిన కథలే కొత్తగా కనబడ్డాయి.

గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. సానివాళ్ల పాట విని అర్ధరాత్రి ఇంటికొచ్చిన గోపాలరావు వెంటే మనమూ గడప దాటుతాం. అతనికి తెలిసిందే మనకు తెలుస్తుంది. భార్య కమలిని ఇల్లు విడిచి వెళ్లిందనే అతను నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. ఆమె మంచం కిందే ఉందని ముందే చెబితే అది వట్టి హాస్యం అయ్యేది; గోపాలరావు దిగులు మనల్ని తాకేది కాదు. కథంతా మగవాడి కళ్లతో నడిపిస్తూనే, కమలినికి గురజాడ ఒక ఉత్తరం ఇచ్చాడు. ఆ ఉత్తరంలో ఆమె తన గొంతుతో మాట్లాడుతుంది. ఎవరి కళ్లతో చూపించాలి, ఎవరి గొంతు ఎక్కడ వినిపించాలి అన్న లెక్క ఆధునిక తెలుగు కథ తొలి రోజుల్లోనే అంత కచ్చితంగా ఉంది. బడిలో ఆ కథను నీతికథగా చదివి వదిలేశాను.

చలం 'మైదానం' 1927 నాటిది. మగవాడు రాసిన నవల, చెప్పేది రాజేశ్వరి. నేను చేసిన పనే చలమూ చేశాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. చదువుతూ పోతే తేడా తెలిసింది. రాజేశ్వరి తనను చూసుకోవడం కన్నా తాను ప్రేమించిన అమీర్‌ని ఎక్కువ చూస్తుంది. ఆమెకు ఇష్టాలున్నాయి, పంతాలున్నాయి, తన తప్పును తానే గుర్తించలేని చోట్లున్నాయి. ఆ గొంతు రాజేశ్వరిదా, చలానిదా అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాదించవలసిందే. కాని ఆమె చూస్తుంది. నా కథలో అమ్మాయి చూడబడుతుంది, అంతే. రాసేవాడు మగా ఆడా అన్నది మొదటి అడ్డంకే అయినా, ఆ పాత్రకు సొంత చూపు ఇచ్చాడా లేదా అన్నది అసలు పరీక్ష.

మా గల్లీలకే వస్తే, సాదత్ హసన్ మంటో ఉన్నాడు. 1936 నుంచి 1948 దాకా, మధ్యలో కొంతకాలం ఢిల్లీలో తప్ప, బొంబాయిలోనే బతికాడు. అరబ్ గల్లీ, ఫోరస్ రోడ్డు ఆయన కథల్లో ఉన్నాయి. 'హతక్' కథలో ఒళ్లమ్ముకొని బతికే సౌగంధీని ఒక సేఠు కారు దగ్గరికి పిలిపిస్తారు. ముఖం మీద టార్చి పడుతుంది. ఛీత్కారంగా ఒక చిన్న శబ్దం వినిపిస్తుంది. కారు వెళ్లిపోతుంది. కథ ప్రథమ పురుషలోనే ఉంది, కాని మంటో సౌగంధీని విడిచి ఆ కారులోకి వెళ్లడు. సేఠు ఏమనుకున్నాడో మనకు ఎప్పటికీ తెలియదు. వెలుగు పడ్డ ముఖం ఎలా ఉందో సేఠు వైపు నుంచి చూపించడు. ఆ వెలుగు పడ్డప్పుడు ఆమెకు ఎలా ఉందో చెబుతాడు. నేను నా అమ్మాయి ముఖం మీద టార్చి వేసి, ఆ టార్చి పట్టుకున్నవాడి పక్కన నిలబడి 'నేను' అని రాశాను. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

'మమ్మద్ భాయ్' కథలో మంటో ఇంకో దారి పట్టాడు. అక్కడ చెప్పేవాడు 'నేను', కాని కథ అతనిది కాదు, పేట దాదా మమ్మద్ భాయ్‌ది. ఆ పేటలో అద్దెకున్న మనిషిగా మమ్మద్ భాయ్ గురించి నలుగురూ చెప్పుకునేవి వింటాడు. జ్వరంతో మంచం పట్టినప్పుడు ఆ మనిషిని స్వయంగా చూస్తాడు. విన్నది ఇంత, చూసింది ఇంత అని రెండూ పక్కపక్కన పెడతాడు. సాక్షిగా నిలబడిన 'నేను' అంటే ఇదీ. ఈ దారి నాకు మొదటి నుంచీ తెరిచే ఉంది. నేను ఆ పేటలో పుట్టిన సాక్షిని. సాక్షిగా ఉండటం చిన్నతనమనుకొని, బాధితురాలి చోటు ఆక్రమించాను.

నామ్‌దేవ్ ఢసాళ్ 'గోల్‌పీఠా' కవితా సంపుటి మరాఠీలో 1972లో వచ్చింది. ఢసాళ్ ఆ గల్లీల పక్క చాళ్లోనే పెరిగాడు. ముందుమాట రాసిన విజయ్ తెండూల్కర్ ఆ లోకం తనకు తెలియనిదని దాచుకోలేదు. అంత పేరున్న నాటకకర్త పాఠకుడి పక్కన నిలబడి తెలియదని చెప్పడం, లోపలి మనిషి ఎవరికీ వివరణ ఇవ్వకుండా మాట్లాడటం, రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. నేను లోపలివాణ్ణై ఉండి బయటివాడి కళ్లు అరువు తెచ్చుకున్నాను. ఆ పుస్తకం పక్కన నా కథను పెట్టి చూసుకుంటే నాకు మిగిలిన గౌరవం కూడా పోయింది.

ఎందుకలా చేశానో ఇప్పుడు చెప్పగలను. గల్లీ పేరు దాచుకునేవాణ్ణి కాబట్టి, గల్లీలో నేను లేనట్టు రాశాను. చాళీని, నల్లాను, బీడీల చాటను కథలోకి రానిస్తే చెప్పేవాడు ఎక్కడివాడో తెలిసిపోతుంది. ఆ అమ్మాయి గొంతు వెనక దాక్కుంటే నాకు జాలిపడే హక్కు వస్తుంది, సిగ్గు బాధ తప్పుతుంది. మొదటి నుంచీ నేను చేసింది ఒక ఎత్తుగడ. కథన పద్ధతి ఎంచుకునేటప్పుడు రచయిత తన గురించి ఏం దాస్తున్నాడో కూడా ఎంచుకుంటాడని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదేమో.

మా వాళ్ల గురించి రాతపూర్వకంగా ఉన్నదాంట్లో చాలా భాగం బయటి చూపే. 1909లో వెలువడిన బొంబాయి గెజిటీర్ లాంటి సర్కారు పుస్తకాల్లో కామాటీలు, అంటే ఊరిని కట్టడానికి వచ్చిన మా వాళ్లు, ఎప్పుడూ 'వాళ్లు'. వాళ్ల పని, వాళ్ల కట్టు, వాళ్ల అలవాట్లు. ఆ కాలానికి కాస్త ముందు జ్యోతిరావు ఫులే నడిపిన కులవ్యతిరేక ఉద్యమం సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాళాజీ కాళేవార్, జాయా కారాడీ లింగు లాంటి తెలుగువాళ్లున్నారు. గెజిటీర్‌లో 'వాళ్లు'గా మిగిలినవాళ్లు ఉద్యమంలో 'మేము' అన్నారు. ఫులే తన 'గులాంగిరి'ని 1873లో ధోండిబా, జోతిరావుల సంభాషణగా రాశాడు. అడిగే గొంతు ఒకటి, చెప్పే గొంతు ఒకటి. అంత వారసత్వం ఉన్న పేటలో పుట్టి నేను గెజిటీర్ రాసిన దొర పక్కకు వెళ్లి నిలబడ్డాను.

2022లో ఇక్కడి ఆ ఇళ్ల గురించి తీసిన 'గంగూబాయి కాఠియావాడి' సినిమా వచ్చినప్పుడు పేట మొత్తానికి ఒకే ముద్ర పడుతుందని కామాటిపుర వాసులు అభ్యంతరం చెప్పారు. ఆ బాధ న్యాయమైనదే. ఆ ముద్ర వేసిన చేతుల్లో నాదీ ఒకటి. అయితే అప్పుడు కొందరు కోరినట్టు, ఇక్కడ ఉన్నవి గౌరవస్థుల కుటుంబాలేనని, ఆ ఆడవాళ్ల ఊసే వద్దని రాస్తే అదీ దొంగచూపే అవుతుంది. పెద్దమ్మ అడిగింది అది కాదు. ఆ అమ్మాయికి మేం కనబడతాం అన్నది. అంటే ఆ అమ్మాయి మాకు కనబడుతుంది, మేం ఆమెకు కనబడతాం. మా వరండాకు, ఆ కిటికీకి మధ్య ఉన్న ఆ రెండు చూపులే మా గల్లీ కథ.

చివరికి ఆ కథను మూడోసారి రాశాను. ఈసారి చెప్పేది నల్లా దగ్గర బిందె పట్టుకొని నిలబడ్డ పిల్లవాడు. ఎదురింటి నుంచి ఒకామె నీళ్లకు వస్తుంది. వరుసలో కొందరు జరుగుతారు, కొందరు జరగరు. అమ్మ ఆమెతో మాట్లాడుతుంది, ఇంటికొచ్చాక ఆమె గురించి మాట్లాడదు. పిల్లవాడికి తెలిసింది అంతే, కథలో ఉన్నదీ అంతే. ఆమె ఎక్కడ నుంచి వచ్చింది, రాత్రి ఏం జరిగింది అన్నవి వాడికి తెలియవు కాబట్టి నేను రాయలేదు. పాఠకుడికి తెలుస్తాయి. చెప్పేవాడికి తెలిసినదానికి, చదివేవాడికి అర్థమయ్యేదానికి మధ్య ఖాళీలోనే కథ బరువు ఉంటుందని ఆ రాతలో నేర్చుకున్నాను. పెద్దమ్మకు చదివి వినిపిస్తే నల్లా వచ్చే వేళ తప్పు రాశానని దిద్దించింది. వరుసలో ఆమె ముందు నిలబడే మనిషెవరో కూడా చెప్పింది. ఆ కథకు ఉత్తరాలు రాలేదు. నాకు చింత లేదు.

ముంబై తెలుగువాళ్ల బతుకును తెలుగులో రాసినవాళ్లు లేకపోలేదు. అంబల్ల జనార్దన్ 'బొంబాయి కథలు' ఉన్నాయి. ఇంకా ఎన్నో రావాలి. బీడీడీ చాళ్లు ఒక్కొక్కటే కూలి బహుళ అంతస్తులు లేస్తున్నాయి. కామాటిపురను సర్కారు గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేత మొత్తంగా తిరిగి కట్టించే ప్రణాళిక నడుస్తోంది. వరండా, నల్లా, ఎదురు కిటికీ లేకపోతే ఎవరికి ఏం కనబడేదో చెప్పడానికి మనుషుల జ్ఞాపకం తప్ప వేరే ఆధారం ఉండదు.

వర్లీ, నాయ్‌గావ్, కామాటిపుర, భివండీలలో పెరిగి తెలుగులో రాయాలనుకునే పిల్లలారా, మీకు ఒకటే విన్నపం. 'నేను' అని రాయాలా, 'ఆమె' అని రాయాలా అన్నది తర్వాత చూసుకోండి. చెప్పే మనిషి ఎక్కడ నిలబడ్డాడో, అక్కడి నుంచి ఏం కనబడుతుందో, ఏం కనబడదో ముందు కాగితం మీద పెట్టుకోండి. తెలియని చోట ఆగండి. రాసింది మీ చాళీలో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు ప్రశ్న అడిగితే, నాలా జవాబు చెప్పకండి, వినండి.